1.07కి రెండు జవాబులు: మట్టిలో కార్బన్ టర్నోవర్ లెక్క, ఒక కేస్ స్టడీ

పని చిన్నదే అనుకుని ఒప్పుకున్నాను. ఉత్తరార్ధగోళంలో ఒక అడవి ప్లాట్, పై 10 సెం.మీ. మట్టి. అందులో ఉన్నంత కార్బన్ వచ్చి పోవడానికి ఎన్నేళ్లు పడుతోంది, అంటే టర్నోవర్ కాలం ఎంత, అది చెప్పాలి. మోడల్ నడిపే టీమ్‌కి కావాల్సింది ఒక్క అంకె. 2016లో తీసిన మట్టి ఉంది, రేడియోకార్బన్ కొలిపిస్తాం, ఎక్సెల్ షీటు ఒకటి రాసుకుంటాం, నెలలో ఇచ్చేస్తానన్నాను. దాదాపు ఏడాది పట్టింది, చివరికి ఇచ్చింది ఒక్క అంకె కూడా కాదు. ఎందుకలా అయిందో మొత్తం రాస్తున్నాను, ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్లకి నా తప్పులైనా పనికొస్తాయని.

ముందు కొలత గురించి క్లుప్తంగా. రేడియోకార్బన్ అంటే కార్బన్-14, దాని అర్ధాయుష్షు 5,730 ఏళ్లు. కొన్ని దశాబ్దాల్లో మారిపోయే మట్టికి ఈ క్షయం వల్ల వచ్చే తేడా చాలా చిన్నది, దాన్ని పట్టుకుని టర్నోవర్ చెప్పలేం. మనకి ఉపయోగపడేది బాంబు కార్బన్. 1950ల నుంచి 60ల మొదటి దాకా గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. 1963లో పాక్షిక నిషేధ ఒప్పందం వచ్చాక పేలుళ్లు చాలా వరకు ఆగాయి, అప్పటి నుంచి అది తగ్గుతూ వచ్చింది. క్షయమై కాదు, సముద్రాల్లోకి, చెట్లలోకి, మట్టిలోకి వెళ్లి తగ్గింది. దాని మీద బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగలో కార్బన్-14 అసలుండదు కాబట్టి పలచబడింది కూడా. అంటే ఏ ఏడాది గాలిలో కార్బన్ మట్టిలోకి వెళ్తే ఆ ఏడాది ముద్ర దాని మీద ఉంటుంది. ఇంత పెద్ద ట్రేసర్ (ఆనవాలు పట్టే) ప్రయోగం ఏ సైంటిస్టూ అడిగినా చేయనివ్వరు, అది వేరే సంగతి.

ల్యాబ్ ఇచ్చే అంకెని ఫ్రాక్షన్ మోడర్న్ అంటారు, ఇక్కడ ఎఫ్ అని రాస్తాను. 1950 నాటి ప్రమాణంతో పోలిస్తే కార్బన్-14 ఎంత ఉందో చెప్పే నిష్పత్తి అది, కార్బన్-13ని బట్టి సవరణ చేశాక వస్తుంది. 1 దాటిందంటే బాంబు కార్బన్ చేరినట్టు. 1963-64లో ఉత్తరార్ధగోళం గాలిలో ఎఫ్ 1.9 దాకా వెళ్లింది, 2000 నాటికి 1.09 దగ్గరికి, 2020 నాటికి దాదాపు 1కి దిగింది.

మా ప్లాట్‌లో ఆరు కోర్లు (గొట్టం దించి తీసే మట్టి నమూనాలు) తీశాం. ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, లెన్స్ కింద పెట్టుకుని ఫోర్సెప్స్‌తో వేర్లు ఏరాం. ఈ ఏరుడు విసుగు పని. ఒక్కో కోరుకి గంటన్నర పట్టింది, వెంట్రుకంత సన్న వేర్లు ఎంత ఏరినా మిగిలే ఉంటాయి. అయినా వదలకూడదు, ఎందుకంటే బతికున్న వేరు మట్టి కార్బన్ కాదు. తర్వాత యాసిడ్‌తో కార్బనేట్ తీసేసి, కాపర్ ఆక్సైడ్‌తో సీలు చేసిన క్వార్ట్జ్ గొట్టంలో కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఇనుప పొడి మీద గ్రాఫైట్‌గా మార్చి ఏఎంఎస్‌కి, అంటే కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కపెట్టే యంత్రానికి పంపాలి. చివరికి పంపేది ఒక మి.గ్రా. కార్బన్, గొట్టం అడుగున నల్లటి చుక్కలా కనిపిస్తుంది. ప్లాట్ మొత్తం ఆ చుక్కలోకి వచ్చి కూర్చుంటుంది, అందుకే మొదటి దశల్లో నిర్లక్ష్యం పనికిరాదు.

ఆరు కోర్ల సగటు 1.07. యంత్రం పొరపాటు ప్లస్ ఆర్ మైనస్ 0.003, కానీ కోరుకీ కోరుకీ తేడా 0.015. ఈ రెండో అంకెని గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది. చాలామంది రిపోర్టుల్లో యంత్రం పొరపాటు మాత్రమే రాసి మురిసిపోతుంటారు, అసలు అనిశ్చితి నేలలోనే ఉంది.

ఇక మోడల్. మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. మట్టంతా ఒకే పూల్ (ఒకే వేగంతో మారే కార్బన్ నిల్వ), స్టెడీ స్టేట్, ఎంత వస్తోందో అంతే పోతోంది అనుకున్నాను. ప్రతి ఏడాదీ లెక్క ఇలా నడుస్తుంది: నిరుటి ఎఫ్‌లో మిగిలిన వాటా, దానికి ఈ ఏడాది గాలి ఎఫ్‌లో కొత్తగా చేరిన వాటా కలపాలి. చేరే వాటా అంటే ఒకటిని టర్నోవర్ కాలంతో భాగిస్తే వచ్చేది. మిగిలే వాటా అంటే ఒకటిలోంచి దాన్ని తీసేసి, క్షయం కింద ఇంకో 8,267వ వంతు (కార్బన్-14 సగటు ఆయుష్షు 8,267 ఏళ్లు) తీసేస్తే మిగిలేది. గాలి ఎఫ్‌కి బాంబు వక్రరేఖ (బాంబుల తర్వాత ఏటా గాలిలో ఎఫ్ ఎంతో చూపేది) వాడాలి, 1950 ముందు కాలానికి ఇంట్‌కాల్20 అనే ప్రామాణిక పట్టిక. 1950 నుంచి నేరుగా ఎఫ్ 1తో మొదలుపెడితే నెమ్మది పూల్స్‌కి తప్పు వస్తుంది. నేను మొదటిసారి అలాగే చేశాను, 120 ఏళ్ల పూల్‌కి అది 0.98 దగ్గర మొదలవ్వాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ మనం వెతికేదే రెండో దశాంశంలో కదా.

టర్నోవర్ విలువలు మార్చుకుంటూ 2016లో ఎఫ్ ఎంత వస్తుందో చూశాను. 10 ఏళ్లకి 1.07. బావుంది, జవాబు దొరికింది అనుకున్నాను. ఊరికే ఇంకా పైకి వెళ్లి చూశాను. 20 ఏళ్లకి 1.12, 50 ఏళ్లకి 1.125, ఆ తర్వాత మళ్లీ కిందికి. 100కి 1.085, 120కి మళ్లీ 1.07.

ఒకే కొలత, రెండు జవాబులు, 10 లేదా 120. ఇది షీటులో తప్పు కాదు. త్వరగా మారే మట్టి బాంబు కార్బన్‌ని మింగి అప్పుడే చాలావరకు వదిలేసింది. నెమ్మది మట్టి అసలు తీసుకున్నదే తక్కువ. రెండు దారుల్లోనూ మిగిలేది ఒకటే. ఈ సంగతి చదివాను, వేరేవాళ్లకి చెప్పాను కూడా, కానీ నా సొంత డేటాలో ఎదురయ్యేసరికి మాత్రం కాసేపు బుర్ర పనిచేయలేదు. ఇలాంటప్పుడు "మట్టి కదా, నెమ్మదిగానే ఉంటుందిలే" అని పెద్ద అంకె ఎంచుకోవడం చాలా చోట్ల చూశాను. అది కొలత ఇచ్చిన జవాబు కాదు, మనం ముందే అనుకున్నది.

దీనికి మందు ఒకటే, అదే చోట వేరే ఏడాదిలో తీసిన మట్టి. షీటులో 1996 దగ్గర ఆగి చూస్తే తేడా కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. 10 ఏళ్ల పూల్ అయితే 1996లో 1.21 ఉండాలి. 120 ఏళ్లదైతే 1.07, అంటే ఇరవై ఏళ్లలో దాదాపు కదలదు. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు 1843 నుంచి నడుపుతున్న ప్రయోగాల మట్టి సీసాల్లో దాచిపెట్టుకోవడం ఎంత ముందుచూపో ఇలాంటప్పుడే అర్థమవుతుంది. బాంబుకి ముందు మట్టి, తర్వాత మట్టి రెండూ వాళ్ల అరల్లో ఉన్నాయి.

మా అదృష్టం, ఈ ప్లాట్‌లో 1996లో ఎవరో పోషకాల సర్వే చేసి మిగిలిన మట్టిని రేకు డబ్బాలో దాచారు. ఒక్క డబ్బా. లేబుల్ మీద ప్లాట్ నంబరు, లోతు, తేదీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, పెన్నుతో రాసుంటే ఈపాటికి చెరిగిపోయేది. అందులోంచి కొంచెం తీసుకుని, దగ్గర్లోని ఒక ఉమ్మడి ల్యాబ్‌లో గ్రైండ్ చేయించి పంపాను.

వచ్చిన విలువ 1.46.

ఆనందపడాలో భయపడాలో తెలియలేదు. మా సీనియర్‌కి చూపిస్తే ఆయన షీటు వైపు కూడా చూడకుండా, "1996లో ఎక్కువలో ఎక్కువ ఎంత రావచ్చో చూశావా?" అన్నారు. చూడలేదండీ అన్నాను. అప్పుడు చూశాను. ఏ టర్నోవర్ పెట్టినా 1996లో ఒకే పూల్ 1.24 దాటదు, 15 ఏళ్ల దగ్గర శిఖరం తగిలి దిగిపోతుంది. అంటే 1.46 ఏ మట్టి విలువా కాదు, ఎక్కడో కలుషితమైంది. ఆ గ్రైండర్ ఉన్న గదిలో ఒకప్పుడు కార్బన్-14 లేబుల్ చేసిన (ఆచూకీ కోసం కావాలని కార్బన్-14 కలిపిన) పదార్థాలతో ప్రయోగాలు జరిగాయని తర్వాత తెలిసింది. స్వైప్ తీసి, అంటే తుడిచి ఆ తుడిచినదాన్ని కొలిస్తే బెంచీ, గ్రైండర్ మూత రెండూ దొరికిపోయాయి. లేబుల్ ప్రయోగాల్లో వాడే మోతాదు సహజ స్థాయికి ఎన్నో వేల రెట్లు ఉంటుంది, కంటికి కనబడని ధూళి చాలు మన నమూనా పాడవడానికి. తప్పు వాళ్లదని కూడా అనను, నేను అడగాల్సింది. ఇప్పుడు కొత్త గదిలో అడుగుపెట్టే ముందు మొదటి ప్రశ్న ఇదే అడుగుతాను, స్వైప్ రిపోర్టు చూసేదాకా డబ్బా మూత తియ్యను. ఇందులో అసలు టెన్షన్ ఏంటంటే, 1.46 వచ్చింది కాబట్టి పట్టుకున్నాను. అదే ధూళి ఇంకాస్త తక్కువ పడి 1.20 వచ్చి ఉంటే "10 ఏళ్లు, సందేహం లేదు" అని రాసి పంపేసేవాణ్ణి.

డబ్బాలో మిగిలిన మట్టిని శుభ్రమైన చోట, అగేట్ రోలుతో చేత్తోనే నూరి మళ్లీ పంపాం. ఈసారి 1.11.

1.21 కాదు, 1.07 కాదు. రెండిట్లో ఒకటి తేలుతుందనుకున్నవాడికి మధ్యలో వచ్చింది. ఒక్క పూల్ అనే ఊహే తప్పు అని మట్టి చెబుతోంది. నిజానికి ఎవరికి తెలియదు? నిరుడు రాలిన ఆకు ముక్క, బంకమట్టి రేణువుకి అతుక్కుని తరాలుగా కూర్చున్న కార్బన్, రెండూ ఒకే వేగంతో పోవు. కానీ షీటులో ఒక్క గడి ఉంటే అందులో ఒక్క అంకె రాసేస్తాం.

సరే, రెండు పూల్స్. 10 ఏళ్లది, 120 ఏళ్లది రెండూ 2016లో 1.07 ఇస్తాయి కాబట్టి వాటిని ఏ పాళ్లలో కలిపినా 2016 సరిపోతుంది. 1996 విలువ ఆ పాళ్లని నిర్ణయిస్తుంది: కార్బన్‌లో 27 శాతం త్వరది, 73 శాతం నెమ్మదిది అయితే 1.11 వస్తుంది. 10, 120 కాకుండా వేరే జంటలు కూడా సరిపోతాయి, అది నాకు తెలుసు. రెండు కొలతలతో మూడు తెలియనివాటిని పట్టుకోలేం. అందుకే జంటలు మార్చి మార్చి సాయిల్ఆర్‌లో కూడా నడిపాను, కార్లోస్ సియెర్రా బృందం రాసిన ప్యాకేజీ అది, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లకి ఎక్సెల్ కంటే చాలా హాయి. జవాబు కొంచెం అటూ ఇటూ కదిలింది కానీ తీరు మారలేదు.

ఇక్కడే అసలు విషయం. ఈ మట్టి టర్నోవర్ ఎంత? 27 శాతం 10, 73 శాతం 120, సగటు తీస్తే 90 అని ఎవరైనా అంటారు. ఆ 90 మట్టిలో ఉన్న కార్బన్ సగటు వయసు. టర్నోవర్ అది కాదు. టర్నోవర్ అంటే ఉన్న నిల్వని ఏటా పోయేదానితో భాగిస్తే వచ్చేది. వంద పాళ్ల కార్బన్ ఉందనుకుంటే త్వర పూల్ నుంచి ఏటా 2.7 పాళ్లు, నెమ్మది పూల్ నుంచి 0.6 పాళ్లు పోతాయి. మొత్తం 3.3. వందని 3.3తో భాగిస్తే 30 ఏళ్లు. అదే మట్టి, అదే డేటా, వయసు 90, టర్నోవర్ 30. ఒకే పూల్ అయితే ఈ రెండూ సమానమే, అందుకే మనకి రెండిటినీ ఒకటిగా మాట్లాడే అలవాటు పడిపోయింది. రేడియోకార్బన్ చూసేది ఇంట్లో మిగిలినవాళ్లని, గుమ్మం దాటి పోయేవాళ్లని కాదు. రోజూ వచ్చిపోయే చుట్టాలు ఎంతమంది ఉన్నా, లెక్కెట్టే వేళకి ఇంట్లో ఎక్కువగా కనిపించేది పాత కాపురమే.

ఈ 30ని వేరే దారిలో సరిచూడాలనిపించింది. ప్లాట్‌లో ఈ పొర కార్బన్ చదరపు మీటరుకి 3 కిలోలు. టర్నోవర్ 120 అయితే ఏటా 25 గ్రాములు చేరితే చాలు, 10 అయితే 300 గ్రాములు కావాలి, 30 అయితే 100. లిట్టర్ ట్రాప్స్ (రాలే ఆకులు పట్టే బుట్టలు), వేర్ల లెక్కలు కలిపి ఫీల్డ్ టీమ్ వేసిన అంచనా 80 నుంచి 130. ఈ ఒక్క లెక్క మొదటి రోజే వేసుకుని ఉంటే 10, 120 రెండూ అనుమానాస్పదమని అప్పుడే తెలిసేది. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

బయటికి పోయే కార్బన్‌ని నేరుగా కొలిచే పద్ధతి కూడా ఉంది. మట్టిని జాడీలో తడిపి ఉంచి, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి దాని ఎఫ్ చూడటం. 2016 మట్టితో చేద్దామనుకుని ఆగిపోయాను. ఎందుకో మీకే తట్టి ఉంటుంది, రెండు పూల్స్‌కీ 1.07 కదా, ఏ పాళ్లలో వచ్చినా 1.07 వస్తుంది. ఏమీ చెప్పని ప్రయోగం. అందుకని 1996 డబ్బా మట్టినే తడిపాం. లెక్క ప్రకారం పోయేదాంట్లో 82 శాతం త్వర పూల్‌ది, కాబట్టి 1.185 రావాలి. ఎండిన మట్టి తడవగానే మొదట వచ్చే గాలి విసురు నమ్మదగ్గది కాదు, దాన్ని కొన్ని రోజులు వదిలేసి తర్వాతది పట్టాం. 1.17 వచ్చింది. మట్టి మొత్తం విలువ 1.11, పోయే గాలి 1.17. రెండు పూల్స్ ఉన్నాయనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఇదే.

సాంద్రతతో విడగొట్టడం కూడా చేశాం, దాని మీద మాత్రం ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. 1.7 సాంద్రత ఉన్న సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రావణంలో మట్టి వేస్తే ఆకు ముక్కలు తేలతాయి, ఖనిజాలకి అతుక్కున్నది మునుగుతుంది. తేలినదాంట్లో కార్బన్ 30 శాతం, ఎఫ్ 1.09. మునిగినది 70 శాతం, 1.06. చూడగానే 30, 27 దగ్గరగా ఉన్నాయి కాబట్టి తేలినదే త్వర పూల్ అనేయాలనిపిస్తుంది. కానీ తేలినదంతా 10 ఏళ్లదైతే 1.07 రావాలి, 1.09 వచ్చింది. అంటే అందులో ఇంకాస్త నిదానంగా పోయేది కూడా ఉంది. లెన్స్ కింద చూస్తే చిన్న చిన్న బొగ్గు ముక్కలు కూడా కనిపించాయి, అవీ తేలతాయి, అవి ఎప్పటివో ఎవరికి తెలుసు. అరలుగా విడగొట్టగలిగాం కదా అని ప్రతి అరకీ ఒక వేగం ఉంటుందని మట్టి మనకేం మాట ఇవ్వలేదు.

అదే గోతిలో 40 నుంచి 60 సెం.మీ. లోతు మట్టి కూడా కొలిపించాం, ఎఫ్ 0.80. దీన్ని నేరుగా రేడియోకార్బన్ వయసుగా మారిస్తే సుమారు 1,790 ఏళ్లు, అందులో సంప్రదాయంగా వాడేది ఈ పద్ధతి కనిపెట్టిన లిబ్బీ నాటి సగటు ఆయుష్షు, 8,033 ఏళ్లు. ఒకే పూల్ మోడల్‌లో, 8,267 వాడి, బాంబు వాటా తీసేసి లెక్కిస్తే టర్నోవర్ సుమారు 2,150. ఈ రెండు అంకెల్ని ఒకదాని చోట ఒకటి వాడటం తరచూ జరిగే పొరపాటు. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. ఆ లోతులో కార్బన్‌లో 10 శాతం మాత్రం 10 ఏళ్లకి మారేదనీ, మిగతా 90 శాతం 2,500 ఏళ్లదనీ అనుకోండి. ఎఫ్ అప్పుడూ 0.80నే వస్తుంది. కానీ టర్నోవర్? వంద పాళ్లలో ఏటా త్వరగా మారేదాన్నుంచి 1, నెమ్మదిదాన్నుంచి 0.036 పోతాయి. వందని 1.036తో భాగిస్తే 97 ఏళ్లు. ఒకే కొలతకి 2,150 కూడా జవాబే, 97 కూడా జవాబే. లోతు మట్టికి పాత నమూనా లేదు కాబట్టి దీన్ని నేను తేల్చలేకపోయాను, రిపోర్టులో ఎఫ్ విలువ మాత్రం ఇచ్చి టర్నోవర్ గడి ఖాళీగా వదిలేశాను.

పై పొరకి 30 ఏళ్లు ఇచ్చాను, 20 నుంచి 45 మధ్య అని. ఆ పరిధి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1996 డబ్బా ఒక్కటే కాబట్టి దానికి కోరుకీ కోరుకీ ఉన్న 0.015 తేడాని అలాగే పెట్టాను. దాంతో త్వర పూల్ వాటా 16 నుంచి 38 శాతం దాకా ఊగుతుంది, టర్నోవర్ 43 నుంచి 23 దాకా. దాని మీద ఇంకోటి, గాలిలో కార్బన్ ఆకై, రాలి, పైన కుళ్లి మట్టిలోకి దిగేసరికి కొన్నేళ్లు పడుతుంది. మూడేళ్లు ఆలస్యం పెడితే త్వర పూల్ 10 కాస్తా 7 అవుతుంది, 30 వచ్చి 22 దగ్గర నిలబడుతుంది. మోడల్ టీమ్ నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఇన్ని ఇచ్చారు, మేము ఏది పెట్టుకోవాలండీ?" అన్నారు. టర్నోవర్ గడి ఉంటే 30 పెట్టండి, కానీ వీలుంటే ఆ గడే తీసేసి మీ మోడల్‌లో కార్బన్-14 నడిపి 1996కి 1.11, 2016కి 1.07 వస్తుందేమో చూడండి అన్నాను. రెండోది ఎక్కువ పని, కానీ వాళ్లు అదే చేశారు.

2026లో అదే ప్లాట్‌లో మళ్లీ తవ్వాలని రాసిపెట్టుకున్నాం. 10 ఏళ్ల ఒక్క పూలే అయితే 1.02కి పడిపోవాలి, 120 అయితే 1.06 పైన ఉండాలి, మా రెండు పూల్స్ లెక్కకి 1.05. 1.05కీ 1.06కీ మధ్య తేడా పట్టాలంటే ఆరు కోర్లు చాలవు, 0.015 తేడా ఉన్న నేలలో కనీసం 20 కావాలి. వేర్లు ఏరడానికే 30 గంటలు. డబ్బాలు మాత్రం ఈసారి మూడు దాస్తాం, లేబుల్ పెన్సిల్‌తోనే.